ఆ రాత్రి ఆగింది నేను కాదు... నా హోల్‌స్టర్!

నా నడుముకి ఇప్పటికీ హోల్‌స్టర్ ఉంటుంది. కంగారు పడకండి, అందులో రివాల్వర్ లేదు. ఒక టెస్టరు, ఒక కటింగ్ ప్లయరు, చిన్న టేపు చుట్ట ఉంటాయి. త్రిపురారంలో మా పొలం దగ్గర మోటారు స్టార్టరు మొరాయించినప్పుడల్లా గుండీ తీసి ప్లయరు బయటికి లాగుతాను. పక్క పొలం వాళ్లు నవ్వుతారు. ‘సారు ఇంకా డ్యూటీ దిగలే’ అంటారు.

1984లో ఎస్సైగా చేరాను. 2017లో రిటైరయ్యాను. ఆ ముప్పై మూడేళ్లలో ఎక్కువ భాగం నా నడుము మీద ముప్పావు కిలోకు పైగా ఇనుము వేలాడుతూనే ఉంది. అది దిగిపోయి ఇన్నేళ్లయినా నేను నడిచేటప్పుడు కుడివైపుకి కాస్త వాలతానట. మా ఆవిడ అంటుంది.

మీలో చాలామందికి పోలీసు తుపాకీ అంటే సినిమాలో చూసింది, లేదంటే ఫోన్ గేమ్‌లో పేల్చింది. తప్పేం లేదు. 1989లో ‘అంకుశం’ వచ్చినప్పుడు నేనూ యూనిఫాం వేసుకుని అద్దంలో రాజశేఖర్‌ని వెతుక్కున్నవాణ్ణే. కానీ నిజం రివాల్వర్ కథ వేరే ఉంటుంది. అందులో పేల్చడం చాలా తక్కువ, లెక్క చెప్పడం చాలా ఎక్కువ. ఇంకొకటి కూడా ఉంది. ఎన్నో ఏళ్లు ఎవరికీ చెప్పనిది. అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నా.

‘ఇది మీది కాదు, నంబరుది’

ట్రైనింగ్ అయిపోయి మొదటి పోస్టింగ్‌కి వెళ్లేముందు ఆయుధం తీసుకోవడానికి ఆర్మ్‌డ్ రిజర్వ్ వాళ్ల దగ్గరికి పంపారు. ఆయుధాలు దాచే గదిని అక్కడ ‘బెల్ ఆఫ్ ఆర్మ్స్’ అంటారు. గోడ పొడవునా త్రీనాట్‌త్రీ రైఫిళ్లు, .410 మస్కెట్లు వరసగా నిలబెట్టి గొలుసులు వేసి ఉన్నాయి. నూనె వాసన. ఆర్మరర్‌గా ఒక పెద్దవయసు హెడ్డు ఉన్నారు.

ఆయన నా చేతిలో రివాల్వర్ పెట్టలేదు. ముందు రిజిస్టరు పెట్టారు.

‘నంబరు మీరే చదివి మీరే రాయండి సార్. రౌండ్లు మీరే లెక్కపెట్టండి’ అన్నారు.

పన్నెండు రౌండ్లు. గబగబా లెక్కపెట్టేశాను. ‘మళ్లీ’ అన్నారు. మళ్లీ లెక్కపెట్టాను. అప్పుడన్నారు, ‘ఇది మీది అనుకోకండి సార్. ఇది నంబరుది. మీకంటే ముందు ఎంతమంది నడుములు చూసిందో, మీ తర్వాత ఇంకెంతమందివి చూస్తదో. మీ పని ఒక్కటే. తీస్కపోయింది తీస్కపోయినట్టు తిరిగి తేవాలె.’

నాకిచ్చింది .38 వెబ్లీ అండ్ స్కాట్. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ కంపెనీ తయారీ. బ్రిటిష్ సైన్యం 1887లోనే వెబ్లీ రివాల్వర్లను తీసుకుంది. తర్వాత రోజుల్లో వచ్చిన ఈ .38 రకం రెండో ప్రపంచ యుద్ధంలో బాగా వాడారు. దొరలు పోయారు, రివాల్వర్లు మాత్రం మన స్టేషన్లలో ఉండిపోయాయి. నా చేతికొచ్చేసరికి నల్లరంగు అంచుల దగ్గర అరిగిపోయి తెల్లటి ఇనుము కనబడుతోంది.

దాన్ని తెరవడం చూడముచ్చటగా ఉంటుంది. బొటనవేలితో పక్కనున్న మీట నొక్కి గొట్టాన్ని కిందికి వంచితే, కొమ్మ విరిచినట్టు మధ్యలో విడిపోతుంది. లోపల నక్షత్రం ఆకారంలో ఒక చక్రం పైకి లేచి, ఆరు తూటాలనూ ఒకేసారి బయటికి నెడుతుంది. తూటా బరువు పాత లెక్కలో 200 గ్రెయిన్లు, అంటే సుమారు 13 గ్రాములు. వేగం సెకనుకి 190 మీటర్ల దరిదాపు. శబ్దం కంటే నెమ్మదే. అయినా మనిషి ప్రాణం తియ్యడానికి అది చాలు.

ఒక మంచి గుణం ఉంది దానికి. ఒక తూటా తుస్సుమంటే మళ్లీ ట్రిగ్గర్ నొక్కడమే. చక్రం తిరిగి పక్క తూటా వస్తుంది. అందుకే పోలీసులు రివాల్వర్‌ని అన్నేళ్లు వదల్లేదు. చెడిపోవడానికి అందులో పెద్దగా ఏమీ ఉండదు.

తోలు, గుండీ, తాడు

అందరూ తుపాకీ గురించే అడుగుతారు, హోల్‌స్టర్ గురించి ఎవరూ అడగరు. నా సర్వీసంతా నేను ఎక్కువసార్లు ముట్టుకున్నది తుపాకీని కాదు, హోల్‌స్టర్ గుండీని. జీపు దిగినా, జాతరలో జనంలోకి వెళ్లినా చెయ్యి దానంతట అదే కుడి నడుము మీదికి పోయేది. గుండీ పెట్టి ఉందా? ఉంది. హమ్మయ్య.

మా కాలం హోల్‌స్టర్ దళసరి గోధుమరంగు తోలుతో ఉండేది. పైన పెద్ద మూత, దానికి ఇత్తడి గుండీ. మూత మొత్తం రివాల్వర్‌ని కప్పేస్తుంది. వాన పడదు, దుమ్ము పోదు, పక్కవాడు లాగలేడు. ఇక రివాల్వర్ పిడి అడుగున ఒక రింగు ఉంటుంది. ఆ రింగుకి లాన్యార్డ్ అనే అల్లిన తాడు కట్టి, ఇంకో కొసని భుజానికి తగిలిస్తారు. పెనుగులాటలో చెయ్యి జారినా ఆయుధం నేల మీద పడకుండా ఉండాలని.

ఎస్సైలు పరేడ్‌లో ఛాతీ మీదుగా ఏటవాలుగా వేసుకునే తోలు పట్టీ చూశారా? దాని పేరు శామ్ బ్రౌన్ బెల్టు. శామ్ బ్రౌన్ అనే బ్రిటిష్ అధికారి 1858లో మన దేశంలోనే, తిరుగుబాటు రోజుల పోరులో ఎడమ చెయ్యి పోగొట్టుకున్నాడు. ఎడమ నడుముకి వేలాడే కత్తి ఒరని పట్టుకోవడానికి చెయ్యి లేదు కదా, బరువుని భుజం మొయ్యాలని ఆ పట్టీ పెట్టించుకున్నాడు. ఆయన అవసరం కాస్తా ప్రపంచంలో సగం సైన్యాలకీ పోలీసులకీ అలంకారమైంది.

తోలుతో ఒక చిక్కుంది. వానాకాలంలో అది తేమ పీల్చుకుంటుంది. రివాల్వర్‌ని అందులోనే వదిలేస్తే తుప్పు చుక్కలు లేస్తాయి. తోలులో దూర్చిన తూటాల ఇత్తడికి పచ్చగా చిలుము పడుతుంది. అందుకే ఆర్మరర్ మరీ మరీ చెప్పారు, ‘డ్యూటీలో ఉంటేనే తోలు సార్. డ్యూటీ దిగితే తుడిచి, నూనె పెట్టి, బయట పెట్టాలె.’ తడిస్తే తోలు ఉబ్బుతుంది, గుండీ పట్టేస్తుంది అని కూడా చెప్పారు. ఆ రెండో మాట నేను అంతగా చెవిన పెట్టలేదు.

వడ్ల గుమ్మిలో రివాల్వర్

1987లో మా చెల్లె పెళ్లి. రెండు రోజులు పర్మిషన్ తీసుకుని ఊరొచ్చాను. రూలు ప్రకారం రివాల్వర్ స్టేషన్‌లో అప్పజెప్పి, జనరల్ డైరీలో రాయించి రావాలి. నేను అప్పజెప్పలేదు. కొత్త ఎస్సైని, ఊళ్లో నలుగురూ చూడాలన్న సోకు. తప్పు నాదే.

ఊరికొచ్చాక సోకు తీరింది, భయం మొదలైంది. ఇంటినిండా చుట్టాలు, పిల్లలు. రివాల్వర్ తీసి సందుగలో పెట్టి తాళం వేశాను. పెళ్లిరోజు పొద్దున ఎందుకో అనుమానం వచ్చి తీసి చూస్తే హోల్‌స్టర్ ఉంది, రివాల్వర్ లేదు.

పందిట్లో బ్యాండు మోగుతోంది, నాకు మాత్రం చెవులు పనిచెయ్యడం మానేశాయి. సర్వీస్ ఆయుధం పోతే సస్పెన్షన్, శాఖాపరమైన విచారణ, మెడకి జీవితాంతం ఒక మచ్చ. అంతకంటే పెద్ద భయం, అది ఎవరి చేతిలో పడింది? ఏ పిల్లవాడు ఎక్కడ కూర్చుని ట్రిగ్గర్ మీద వేలు పెట్టాడు? ఇల్లంతా వెతికాను. ఎవరినీ అడగడానికి లేదు. అడిగితే పెళ్లి ఆగిపోతుంది.

రెండు గంటలయ్యాక అమ్మ నా మొహం చూసి పక్కకి పిలిచింది.

‘ఏం దేవులాడుతున్నవ్ బిడ్డా? ఆ ఇనుప ముక్కేనా? తాళం సరిగ పడలే. పోరగాండ్లు సందుగ మీద ఎక్కి దుంకుతుండ్రు. నేనే తీసి వడ్ల గుమ్మిల పెట్టిన.’

పరుగెత్తాను. పాత చీర ముక్కలో చుట్టి, వడ్లలో లోతుగా పాతిపెట్టి ఉంది. ‘గొట్టం గోడ దిక్కు మలిపిన, మనుషుల దిక్కు లేకుంట’ అని వెనకనుంచి అమ్మ చెప్తూనే ఉంది.

చదువు రాని మనిషి. ఆ రోజు ఆ ఇంట్లో ఆయుధాల రూలు పాటించింది ఆమె ఒక్కతే. ఆ తర్వాత ఎప్పుడూ సెలవు మీద రివాల్వర్‌తో ఇంటి గడప తొక్కలేదు.

సినిమాలో లేని లెక్క

సినిమాలో హీరో రివాల్వర్‌తో ముప్పై సార్లు పేలుస్తాడు. నా వెబ్లీలో ఆరే పడతాయి. హీరో తుపాకీని ప్యాంటు వెనక దోపుకుంటాడు. అలా దోపుకుంటే ముందు ప్రమాదం మనకే. ‘గబ్బర్‌సింగ్’ చూసి వచ్చిన మా కుర్ర కానిస్టేబుల్ ఒకడు ఖాళీ పిస్టల్‌ని వేలి మీద తిప్పబోతే, నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయడానికి లేదు.

స్టేషన్‌లో రోజూ జరిగే సినిమా ఇంకొకటి. సెంట్రీ మారేటప్పుడు ఆయుధాలు లెక్కపెట్టి అప్పజెప్పాలి. ఎవరు ఏ నంబరు తీసుకున్నారు, ఎన్ని రౌండ్లు, ఎప్పుడు తిరిగిచ్చారు, అన్నీ రాతలో ఉండాలి. ఫైరింగ్ ప్రాక్టీసుకి వెళ్తే పేల్చిన తూటాల ఖాళీ కేసులు ఏరి తిరిగివ్వాలి. మేం ‘ఎంప్టీలు’ అంటాం. ఒక్క ఎంప్టీ తక్కువైతే పెద్ద పెద్ద ఆఫీసర్లు కూడా మోకాళ్ల మీద కూర్చుని గడ్డిలో వెతకాల్సిందే.

చట్టం లెక్క ఇంకా గట్టిది. మా రోజుల్లో సీఆర్‌పీసీ 46వ సెక్షన్ ఉండేది. అరెస్టుకి ఎదురుతిరిగితే అవసరమైన బలం వాడొచ్చు అంటుంది. ఆ వెంటనే ఒక గీత గీస్తుంది. మరణశిక్షో యావజ్జీవమో పడే నేరం మోపబడని మనిషి ప్రాణం తీసే హక్కు ఈ సెక్షన్ ఇవ్వదు, అని. 2024 జులై 1 నుంచి సీఆర్‌పీసీ స్థానంలో బీఎన్‌ఎస్‌ఎస్ వచ్చింది. ఇదే మాట ఇప్పుడు అందులో 43వ సెక్షన్‌లో ఉంది. ప్రాణం మీదికొస్తే ఆత్మరక్షణ హక్కు పోలీసుకీ ఉంది, మీకూ ఉంది. కానీ పారిపోతున్నాడు కాబట్టి కాల్చేశా అంటే కుదరదు.

కనబడితేనే కష్టం

మాది ప్రశాంతమైన కాలం కాదు. 80లు, 90లలో తెలంగాణ పల్లెల్లో పోలీసుల మీద నక్సలైట్ల దాడులు జరిగేవి. ఆయుధాలు ఎత్తుకుపోయేవాళ్లు. అంటే నడుముకి ఉన్న రివాల్వర్ నన్ను కాపాడేది మాత్రమే కాదు, నన్ను గురిగా మార్చేది కూడా. బస్సులో వెళ్లాల్సి వస్తే లుంగీ, చొక్కా వేసుకుని, రివాల్వర్ చేతిసంచిలో కూరగాయల అడుగున పెట్టుకుని వెళ్లిన రోజులున్నాయి. మిర్యాలగూడ బస్టాండులో ఆ సంచి ఒళ్లో పెట్టుకుని టీ తాగుతుంటే, పక్కన కూర్చున్నాయన ‘వంకాయలు కిలో ఎంత పెట్టి కొన్నవు తమ్మీ’ అని అడిగాడు. ధర తెలియక నీళ్లు నమిలాను.

గ్రేహౌండ్స్ దళానికి ప్రాణం పోసిన ఐపీఎస్ అధికారి కె.ఎస్.వ్యాస్‌ని 1993 జనవరి 27న హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో జాగింగ్ చేస్తుండగా కాల్చి చంపారు. ఆ కబురు విన్నరోజు స్టేషన్‌లో ఎవరూ అన్నం ముట్టలేదు. అంత పెద్ద ఆఫీసరుకే దిక్కు లేకపోతే మన నడుముకున్న ఆరు గుండ్లు ఏం చేస్తాయి అనిపించింది.

ఇదెందుకు చెప్తున్నానంటే, ఆ భయం ఒంట్లో పెట్టుకుని రాత్రి గస్తీ తిరిగే మనిషి ఎలా ఉంటాడో మీకు తెలియాలి. ఇప్పుడు చెప్పబోయేది అలాంటి ఒక రాత్రి గురించే.

కాలువ గట్టు మీద

1991 వానాకాలం. సాగర్ ఎడమ కాలువ కింద ఒక స్టేషన్‌లో పనిచేస్తున్నా. ఊరి పేరు వద్దు. ఆ నెలలో పొలాల దగ్గర కరెంటు మోటార్లు పోతున్నాయి. వైండింగులోని రాగి తీగ కోసం దొంగలు మోటారు మోటారే లేపుకుపోతున్నారు. రైతులు రోజూ స్టేషన్‌కొచ్చి కూర్చుంటున్నారు. పైనుంచి ఒత్తిడి. రాత్రి గస్తీకి నేనూ ఒక కానిస్టేబులూ బయల్దేరాం.

సాయంత్రం నుంచి ముసురు. ఒంటిగంట దాటాక కాలువ గట్టు మీద నడుస్తున్నాం. ముందు నేను. వెనక కానిస్టేబుల్, చేతిలో మూడు బ్యాటరీల టార్చి. దొంగలకి తెలిసిపోతుందని దాన్ని ఆర్పించింది నేనే. తూము దగ్గర ఉన్నట్టుండి ఒక ఆకారం లేచి నిలబడింది. పది అడుగుల దూరం కూడా లేదు. చేతిలో ఏదో పొడవుగా ఉంది. అది భుజం మీదికి లేచింది.

నాకు గుర్తున్నంత వరకు నేను ఒక్క మాట కూడా అనలేదు. ‘ఎవరది’ అనలేదు, ‘ఆగు’ అనలేదు. చెయ్యి నేరుగా నడుము మీదికి పోయింది. గుండీ పట్టి లాగాను. రాలేదు. తోలు తడిసి ఉబ్బిపోయి ఉంది. గోరు విరిగేలా లాగాను. మూత సగం లేచింది, లాన్యార్డ్ తాడు వేళ్లకి చుట్టుకుంది.

రెండు సెకన్లో, మూడు సెకన్లో. అంతలోనే వెనకనుంచి టార్చి వెలిగింది.

పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లవాడు. తలమీద యూరియా సంచి గొంగడిలా కప్పుకున్నాడు. భుజం మీద పార.

‘నీళ్లు పెట్టనీకి వచ్చిన సారూ. మా బాపుకి జొరమొచ్చింది’ అన్నాడు. వణుకుతున్నాడు. వానకో, మమ్మల్ని చూసో.

కానిస్టేబుల్ నవ్వి, ‘పో, జల్ది ఇంటికి పో’ అన్నాడు. పిల్లవాడు తూము దిగి వెళ్లిపోయాడు. నేను మాత్రం గట్టు మీద కూర్చుండిపోయాను. కాళ్లలో బలం లేదు. ‘ఏమైంది సార్’ అని కానిస్టేబుల్ అడిగితే ‘బూటులో రాయి పడింది’ అన్నాను.

ఒకవేళ వాడు నిజంగానే మోటారు దొంగే అనుకుందాం. ఐపీసీ 379 కింద దొంగతనానికి ఎక్కువలో ఎక్కువ మూడేళ్లు. దానికి నేను వెయ్యబోయిన శిక్ష ఏంటి?

స్టేషన్ డైరీలో ఏం రాశానో కూడా గుర్తుంది. ‘గస్తీ నిర్వహించడమైనది. అనుమానాస్పదంగా ఏమీ కనబడలేదు.’

తర్వాత తర్వాత, కొత్త ఎస్సైలకి ఈ కథ చాలాసార్లు చెప్పాను. కానీ కొంచెం మార్చి చెప్పేవాణ్ణి. ‘నేను తొందరపడలేదు, ముందు టార్చి వెయ్యమన్నాను, చూస్తే పిల్లవాడు’ అని. వాళ్లు మెచ్చుకునేవాళ్లు. చెప్పగా చెప్పగా నాకే అది నిజం అనిపించడం మొదలైంది.

‘సూర్యాపేటలో అయితే పెదనాయినా?’

మా పక్కింటి అమ్మాయి హిమాయత్‌సాగర్ పోలీస్ అకాడమీలో ట్రైనింగ్ అయ్యి ఇప్పుడు వేరే జిల్లాలో ఎస్సై. నన్ను పెదనాయినా అంటుంది. మొన్న దసరాకి ఊరొచ్చినప్పుడు నా ప్లయర్ల హోల్‌స్టర్ చూసి ఒకటే నవ్వు. ఆయుధం స్టేషన్‌లో అప్పజెప్పే వచ్చింది, నాకంటే బుద్ధిమంతురాలు. ఖాళీ హోల్‌స్టర్ మాత్రం బ్యాగులో ఉంటే చూపించింది. సొంత డబ్బుతో కొనుక్కుందట.

అది తోలు కాదు, గట్టి ప్లాస్టిక్‌లాంటి పాలిమర్. మూత లేదు, గుండీ లేదు. పిడి మీద చెయ్యి వేసినప్పుడు బొటనవేలు ఎక్కడ పడుతుందో సరిగ్గా అక్కడే లోపల ఒక లాకు. అది నొక్కి లాగితేనే పిస్టల్ వస్తుంది. పక్కవాడు ఎంత గుంజినా రాదు. వానకి ఉబ్బదు. ఒక సెకనులో బయటికి.

పిస్టళ్లు నాకు కొత్తేం కాదు. సర్వీసు చివర్లో నా చేతికీ 9 ఎం.ఎం. పిస్టల్ వచ్చింది. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో బ్రౌనింగ్ నమూనాతో చేసింది. మ్యాగజైన్‌లో 13 తూటాలు. రివాల్వర్ అలవాటున్నవాడు దాంతో ఒక పొరపాటు చేస్తాడు. మ్యాగజైన్ తీసేశాను కదా, ఖాళీ అయిపోయింది అనుకుంటాడు. గొట్టం వెనక చాంబర్‌లో ఒక తూటా ఉండిపోతుంది. ‘ఖాళీదే’ అనుకున్న తుపాకీ పేలిందని వార్త చదివితే ఈ సంగతి గుర్తు తెచ్చుకోండి. ప్రపంచమంతా ఈ మార్పు మెల్లగానే జరిగింది. న్యూయార్క్ పోలీసులు 1993లో 9 ఎం.ఎం. పిస్టళ్లకి మారడం మొదలుపెడితే, చివరి రివాల్వర్లు పక్కన పెట్టేసరికి 2018 అయింది. ఉత్తరప్రదేశ్ పోలీసులు త్రీనాట్‌త్రీ రైఫిల్‌కి వీడ్కోలు చెప్పింది 2020 రిపబ్లిక్ డే పరేడ్‌లో.

అలా మాటల్లో ఆ అమ్మాయి అడిగింది, ‘పెదనాయినా, నువ్వెప్పుడన్న మనిషి మీద కాల్చినవా?’

లేదు అన్నాను. కాలువ గట్టు కథ చెప్పాను. ఎందుకో ఈసారి మార్చకుండా చెప్పాను. గుండీ రాకపోవడం, తాడు చుట్టుకోవడం, నేను ఒక్క మాటైనా అనకపోవడం, అన్నీ. చివర్లో, ‘అందుకే మా పాత హోల్‌స్టరే మంచిది. ఆలోచించుకునే టైమ్ ఇస్తది’ అన్నాను.

ఆమె వెంటనే ఏమీ అనలేదు. కాసేపాగి, ‘సూర్యాపేటలో అయితే పెదనాయినా?’ అంది.

నా దగ్గర జవాబు లేదు.

మీలో కొందరు అప్పటికి చిన్నపిల్లలు, అందుకే చెప్తున్నా. 2015 ఏప్రిల్ 1 రాత్రి సూర్యాపేట హైటెక్ బస్టాండులో పోలీసులు బస్సులు తనిఖీ చేస్తున్నారు. అనుమానం వచ్చి ఇద్దరిని ప్రశ్నిస్తుంటే ఆ ఇద్దరూ తుపాకులు తీసి కాల్చారు. ఒక కానిస్టేబుల్, ఒక హోంగార్డు చనిపోయారు. ఇన్‌స్పెక్టర్‌కి బుల్లెట్ గాయాలయ్యాయి. మొదట దోపిడీ దొంగలనుకున్నారు. తీరా వాళ్లు 2013లో మధ్యప్రదేశ్‌లోని ఖండ్వా జైలు నుంచి తప్పించుకున్న సిమి మనుషులు. మూడో రోజు, ఏప్రిల్ 4న మోత్కూరు మండలం జానకీపురం దగ్గర పోలీసులకి ఎదురుపడ్డారు. కాల్పుల్లో ఆ ఇద్దరూ చచ్చారు. మన కానిస్టేబుల్ ఒకరు అక్కడే ప్రాణం వదిలారు. తలకి బుల్లెట్లు తగిలిన ఎస్సై సిద్ధయ్య హాస్పిటల్‌లో పోరాడి ఏప్రిల్ 7న కన్నుమూశారు.

అప్పటికి నేను సర్వీసులోనే ఉన్నాను. సిద్ధయ్య కోసం జిల్లా మొత్తం దేవుళ్లకి మొక్కిన రోజులవి. అలాంటి చోట గుండీ పట్టేస్తే? లాన్యార్డ్ వేళ్లకి చుట్టుకుంటే? ఎదుటివాడి చేతిలో ఉన్నది పార కాకపోతే?

‘నీ కథలో పిల్లగాడు బతికింది మంచిదే పెదనాయినా. కానీ వాణ్ణి కాపాడింది పోలీసు కాదు, వాన’ అంది ఆ అమ్మాయి. ‘ప్రతిసారీ వాన పడదు కదా.’

కోపం వచ్చింది మొదట. ముప్పై మూడేళ్ల సర్వీసుని ఒక్క మాటతో కొట్టేసినట్టు అనిపించింది. రాత్రి పడుకున్నాక ఆలోచిస్తే, నేను ఇన్నాళ్లూ ఒప్పుకోని మాటనే ఆమె పైకి అనేసిందని అర్థమైంది. ఆ రాత్రి ఆగింది నేను కాదు. తోలు ఆగింది.

పొద్దున్నే వాళ్లింటికి పోయి, ‘మీకు అకాడమీలో ఏం నేర్పిన్రు?’ అని అడిగాను. లేచి నిలబడి ఖాళీ చేతులతో చేసి చూపించింది. ఎడమ చేతిలో టార్చి, ఒంటికి దూరంగా. ముందు గొంతు: ‘పోలీస్! ఎవరది? చేతులు చూపించు!’ కుడి చెయ్యి పిడి మీద. తీయాల్సి వస్తే ఒక సెకనులో బయటికి, కానీ చూపుడు వేలు ట్రిగ్గర్ మీద కాదు, పక్కన చాచి ఉంటుంది. కాల్చాలని తేల్చుకున్నాకే వేలు లోపలికి. నా పాత హోల్‌స్టర్ అనుకోకుండా ఇచ్చిన రెండు సెకన్లని వీళ్లు గొంతులో, టార్చిలో, చూపుడు వేలిలో పెట్టుకున్నారు.

ట్రైనింగ్‌లో మాకూ ఇవి చెప్పే ఉంటారు. ఏడాదికోసారి ఫైరింగ్ రేంజికి పోయి నాలుగు రౌండ్లు పేల్చి టీ తాగి వచ్చేవాళ్లం. మిగతా ఏడాదంతా రివాల్వర్ ఒక బరువు, ఒక హోదా, రిజిస్టరులో ఒక నంబరు. చీకట్లో ఏం చెయ్యాలో చెయ్యికి నేర్పలేదు. భయపడ్డ చెయ్యికి తెలిసింది ఒక్కటే, లాగడం.

అప్పజెప్పిన రోజు

2017లో రిటైరైన రోజు ఆయుధం అప్పజెప్పడానికి వెళ్లాను. మొదట్లో నాకు రివాల్వర్ ఇచ్చిన హెడ్డు ఎప్పుడో పోయారు. ఆయన స్థానంలో మా అబ్బాయి వయసు కుర్రాడు. రిజిస్టరు మాత్రం అదే తీరుగా ఉంది. నంబరు నేనే చదివాను. రౌండ్లు లెక్కపెట్టాను. కుర్రాడు మొహమాటపడుతూ, ‘సార్... మళ్లీ ఒకసారి’ అన్నాడు. నవ్వొచ్చింది. మళ్లీ లెక్కపెట్టాను. సరిపోయాయి. తీసుకుపోయింది తీసుకుపోయినట్టు తిరిగి తెచ్చాను.

తోలు హోల్‌స్టర్ మాత్రం నాతో ఉండిపోయింది. సర్కారు ఇచ్చింది చిరిగిపోతే, అదే నమూనాలో డబ్బులు పెట్టి కుట్టించుకున్నది అది. కాలువ గట్టు మీద నడుముకి ఉన్నది అదే.

ఆ పిల్లవాణ్ణి మళ్లీ ఒకసారి చూశాను. చాలా ఏళ్ల తర్వాత, మిర్యాలగూడలో రైస్ మిల్లు ముందు వడ్ల ట్రాక్టర్ల వరసలో. ట్రాఫిక్ చూడ్డానికి వెళ్లాను. ఒకాయన ట్రాక్టర్ మీదనుంచి ‘నమస్తే సారూ, గుర్తువట్టిన్రా? తూము కాడ రాత్రి పార వట్టుకొని నిలవడ్డ పిలగాన్ని’ అన్నాడు. పక్కన చిన్న పాప కూర్చుని ఉంది. ‘ఆ రాత్రి మీరు మంచిగ మాట్లాడి ఇంటికి తోలిన్రు సార్’ అన్నాడు. మంచిగా మాట్లాడింది కానిస్టేబుల్. నేనసలు మాట్లాడనే లేదు. తల ఊపి వచ్చేశాను. వాడికి ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు నేనూ కాలువ నీళ్లు వదిలినప్పుడు రాత్రిపూట పార భుజాన వేసుకుని పొలానికి పోతాను. మొన్నొకరోజు గట్టు మీద పెట్రోలింగ్ వాళ్ల టార్చి వెలుగు మొహాన పడింది. ‘పోలీస్! ఎవరది?’ అని గట్టిగా ఒక కుర్ర గొంతు. ముందు గొంతు వచ్చింది. బాగుంది అనుకున్నాను.

అయినా ఎందుకైనా మంచిదని పార కింద పెట్టి, రెండు చేతులూ పైకెత్తి చెప్పాను. ‘నీళ్లు పెట్టనీకి వచ్చిన సారూ.’